దొంగ నొప్పులని పిలువకుడి

మన నోట నలిగిన కొన్ని మాటలు పలుకుటకు చిన్నవి, అవి చేయు గాయము పెద్దది. అట్టివానిలో ఒకటి “దొంగ నొప్పులు” అను మాట. నెలలు నిండిన స్త్రీకి నడిరేయి కడుపు గట్టిపడును, నడుము లాగును. ఆమె తల్లిని లేపును, తల్లి తండ్రిని లేపును. ఆటో పిలుతురు, గుడ్డలు సర్దుదురు, అత్తవారింటికి ఫోను చేయుదురు. ఆసుపత్రిలో పరీక్షించి చూచి, “ఇవి దొంగ నొప్పులమ్మా, ఇంటికి పొండి” అందురు. తెల్లవారకమునుపే అందరును తిరిగి వత్తురు. మరునాడు పొయ్యి దగ్గర ఒక మాట, గుమ్మము దగ్గర ఒక మాట: “రాత్రి అందరిని ఊరకే పరుగెత్తించినది.”

ఇందులో దొంగ యెవరు? ఆమె యెవరి సొత్తు దొంగిలించినది? ఆమె పడిన నొప్పి నిజము, చెడిన నిదుర నిజము, కలిగిన భయము నిజము. అయినను ఆమెయే తప్పు చేసినదానివలె తల వంచుకొని కూర్చుండును. మరుసటి రాత్రి నొప్పి వచ్చినయెడల ఎవరిని లేపుటకును జంకి, చీకటిలో ఒంటరిగా పళ్లు బిగబట్టుకొని పడియుండును.

ఇది కేవలము మాటల జగడమని యనుకొనకుడి. నొప్పిని దొంగదని పిలిచిన యింటివారు దానిని నమ్మరు. నమ్మనివారు రెండు తప్పులలో ఒకటి చేయుదురు. నిజముగా ఆపద వచ్చిన రాత్రియు “మొన్నటివంటిదే” అని పండుకొందురు. లేదా, “ఈ తిరుగుట మావలన కాదు” అని విసిగి, ఒక తేదీ పెట్టించి, నొప్పులే రాకమునుపు కడుపు కోయించుదురు. మొదటిది నిర్లక్ష్యము, రెండవది తొందర. ఈ రెండును ఒక్క తల్లి పిల్లలే; ఆ తల్లి పేరు ఎదురుచూడలేనితనము. నేను ఈ పుటలలో వాదించునది దానిమీదనే.

ఆ నొప్పులు చేయు పని

1872లో జాన్ బ్రాక్‌స్టన్ హిక్స్ అను ఇంగ్లీషు వైద్యుడు ఒక సంగతిని వివరించి వ్రాసెను. గర్భసంచి కాన్పు దినమున మాత్రమే కాక, గర్భకాలములో అప్పుడప్పుడు తనంతట తానే బిగిసి సడలుచుండునని ఆయన చూపెను. ఆ బిగువులను వైద్యులు నేటికిని ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. నూట యేబది యేండ్లకు పైగా వైద్యులకు తెలిసిన విషయమిది. అయినను మన యిండ్లలో దీనికి దొంగతనమే పేరైనది.

గర్భసంచి కండరముతో అయిన సంచి. దాని మూతి గర్భకాలమంతయు గట్టిగా మూసికొనియుండును. కాన్పు జరుగుటకు ఆ మూతి మెత్తబడవలెను, పలుచబడవలెను, చివరకు పది సెంటీమీటర్ల వరకు తెరచుకొనవలెను. ఈ పని కాన్పుగదిలో మొదలగునని చాలామంది తలంతురు. అది సరికాదు. మెత్తబడుట దినముల ముందుగాను, కొందరిలో వారముల ముందుగాను మొదలగును. చివరి దినములలో వచ్చిపోవు నొప్పులలో పెక్కు ఈ సన్నాహములోనివే. దుక్కి దున్నిన నాడు పంట యింటికి రాలేదని రైతును దొంగ యని యెవరైన పిలుతురా? దున్నకయే కోతకు పోవలెననుట ఏమి న్యాయము?

మొదటి దశ మెల్లగా నడచునని వైద్యశాస్త్రము కూడ ఒప్పుకొన్నది. 1955లో అమెరికా వైద్యుడు ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ 500 మంది తొలిచూలు స్త్రీల కాన్పులను లెక్కగట్టి ఒక రేఖ గీసెను. ఆ లెక్కల ప్రకారమే తొలిచూలు స్త్రీకి ఈ నెమ్మదియైన దశ యిరువది గంటలవరకు సాగవచ్చును. తరువాత అనేక దేశములలో ఆ రేఖను గడియారమువలె వాడి, గంటకు ఒక సెంటీమీటరు చొప్పున మూతి తెరచుకొననియెడల కాన్పు చెడినదని తీర్మానించుచు వచ్చిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఆ పద్ధతిని సరిదిద్దెను. మూతి అయిదు సెంటీమీటర్లు తెరచుకొన్నప్పటినుండియే కాన్పు చురుకు దశలో నున్నట్లు ఎంచవలెననియు, అంతకు ముందు దశకు ఇంత కాలమని నిర్ణయమైన గడువు లేదనియు, తల్లియు బిడ్డయు క్షేమముగా నున్నంతవరకు ఆలస్యమొక్కటే కారణముగా చేయి చేసికొనరాదనియు చెప్పెను. ఇది సోమరుల మాట కాదు; లోకమంతటి కాన్పులను పరిశీలించి చెప్పిన మాట.

వేరుపరచి తెలిసికొనుట

“అయితే ఏవి ముందు నొప్పులో, ఏవి పురిటి నొప్పులో మాకెట్లు తెలియును?” అని నీవు అడుగుదువు. న్యాయమైన ప్రశ్న.

ముందు నొప్పులకు లెక్క యుండదు. ఒకటి పది నిమిషములకు వచ్చును, మరియొకటి అరగంటకు, తరువాత గంటసేపు ఏమియు నుండదు. అవి బలపడవు. లేచి నాలుగడుగులు వేసినను, ఒక ప్రక్కకు తిరిగి పండుకొనినను, నీళ్లు త్రాగినను, వేడినీళ్ల స్నానము చేసినను సడలిపోవును. పురిటి నొప్పులు అట్లు కావు. వాని మధ్య వ్యవధి తగ్గుచు పోవును, ఒక్కొక్కటి నిలుచు కాలము పెరుగుచు పోవును, బలము హెచ్చుచుండును. చాలామందిలో నడుమునుండి బయలుదేరి ముందుకు చుట్టుకొని వచ్చును. పండుకొనినను ఆగవు, నడిచినను ఆగవు. నొప్పి పట్టిన సమయమున మాట మధ్యలో ఆగిపోవును.

గోడగడియారము చూచి కాగితముమీద వ్రాసికొనుడి: నొప్పి మొదలైన నిమిషము, విడిచిన నిమిషము. తొలిచూలు స్త్రీకి అయిదు నిమిషములకు ఒకటి చొప్పున, ఒక్కొక్కటి నిమిషము పాటు, గంటసేపు వచ్చినయెడల బయలుదేరవలెను. మలిచూలు స్త్రీ అంతవరకు ఆగరాదు. ఆమె కాన్పు త్వరగా నడచును. ఆసుపత్రి దూరమైనవారును అంతవరకు ఆగరాదు. ఈ గురుతులన్నియు కలిసినను ఒక్కొక్కప్పుడు అనుభవముగల నర్సుకు సయితము పరీక్షించి చూచినగాని తెలియదు. ఆమెకే తెలియని దానిని మొదటిసారి గర్భము ధరించిన ఇరువదియేండ్ల పిల్ల తెలిసికొనలేదని నిందించుట ఎంత అన్యాయము!

తేదీ యజమాని కాదు

ఎదురుచూడలేనితనమునకు బలమిచ్చు రెండవ వస్తువు, చీటీమీద వ్రాసిన తేదీ. అది యెట్లు వచ్చినదో తెలిసికొనుడి. చివరి నెలసరి మొదటి దినమునకు ఏడు దినములును తొమ్మిది నెలలును కూడి చూచు లెక్క జర్మను వైద్యుడు ఫ్రాంజ్ నేగెలె పేరుతో పందొమ్మిదవ శతాబ్దమునుండి వాడుకలో నున్నది. మొత్తము 280 దినములు, అనగా 40 వారములు. నేడు తొలి నెలల స్కానింగుతో ఆ లెక్కను సరిచూతురు. అయినను సరిగా ఆ దినముననే పుట్టు బిడ్డలు సుమారు ఇరువదిమందిలో ఒక్కరే. తక్కినవారందరు ముందో వెనుకో పుట్టుదురు. 37 వారములు నిండినది మొదలు 42 వారములలోపల పుట్టిన బిడ్డ కాలమునకే పుట్టినట్లు. తేదీ ఆ కాలమునకు నడుమ నాటిన ఒక రాయి. అది గడువు కాదు.

కాని మన బంధువర్గము ఆ తేదీని అప్పు తీర్చు దినమువలె పట్టుకొనును. పిన్ని ఫోను చేయును, ఆడపడుచు ఫోను చేయును, పొరుగూరి మేనత్త ఫోను చేయును, అందరి ప్రశ్న ఒక్కటే: “ఇంకా కాలేదా?” దినమునకు పదిమార్లు ఈ ప్రశ్న విన్న స్త్రీ తన దేహమే తనకు ద్రోహము చేయుచున్నదని తలంచుటలో వింత యేమున్నది? ప్రియ చదువరీ, నీ యింట నెలలు నిండిన పిల్ల యున్నయెడల ఈ ఒక్క ప్రశ్నను అడుగుట మానుము. కాన్పు అయిన గంటలోపల నీకు ఎట్లును తెలియును.

ఎవరికొరకు ఈ తొందర?

ఇప్పుడు కఠినమైన మాటకు వత్తును. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడుడి. దేశమంతటను నూటికి 21.5 కాన్పులు పెద్దాపరేషనుతో జరిగినవి. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7. తెలంగాణలోని ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే చూచినయెడల నూటికి 81.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఏమి చెప్పెననగా, ఒక జనసమూహములో ఆపరేషనులు నూటికి పది దాటిన తరువాత అవి యెంత పెరిగినను దానివలన తల్లుల మరణములు గాని పసిబిడ్డల మరణములు గాని తగ్గుట కనబడలేదు. మరి మిగిలిన ఆపరేషనులు ఎవరి ప్రాణము కాపాడుటకు? తెలుగు స్త్రీల దేహములు తక్కిన దేశపు స్త్రీల దేహములకంటె వేరుగా సృజింపబడినవా?

ఆపరేషను మీద నాకు పగ లేదు. మాయ అడ్డుపడినప్పుడు, బిడ్డ అడ్డముగా తిరిగినప్పుడు, బిడ్డ గుండె తడబడినప్పుడు ఆ కత్తి మహోపకారి. అది లేనియెడల నేడు బ్రదికియున్న తల్లులును బిడ్డలును ఎందరో లేకపోయెడివారు. నేను నిందించునది అక్కరకు వచ్చిన కత్తిని కాదు, అక్కర లేనిచోట తొందరకు వచ్చిన కత్తిని.

ఆ తొందర ఎవరిది? నింద అంతయు వైద్యులమీద మోపుట మనకు సులభము. లాభము చూచుకొను ఆసుపత్రులు లేవని నేననను. పది పండ్రెండు గంటలు కనిపెట్టుకొని కూర్చుండు కాన్పుకంటె గంటలో ముగియు ఆపరేషను వారికి అనుకూలము, రుసుమును అధికము. బిడ్డకు ఏమైన నైనయెడల బంధువులు వచ్చి అద్దములు పగులగొట్టుదురను భయమును వైద్యులకు కలదు; ఆ భయమును పుట్టించినది మనమే. అయితే తేదీ చేతబట్టుకొని ఆసుపత్రి మెట్లెక్కినది ఎవరు? నక్షత్రము చూపించి, గడియ వ్రాయించుకొని, “ఫలానా దినమున ఉదయము ఇన్ని గంటలకు బిడ్డ బయటికి రావలెను” అని కోరినది ఎవరు? పురుడు పోసికొనవలసిన ఆమెను అడిగిరా?

“మా యింట ముహూర్తములు లేవు” అని ఈ పత్రిక చదువు కుటుంబములు సంతోషపడవద్దు. పంచాంగము చూడని మనము సెలవుల పట్టిక చూచుచున్నాము. దుబాయి నుండి అల్లుడు వచ్చియున్న పదునైదు దినములలోనే కావలెనందుము. క్రిస్మసుకు ముందే ముగిసినయెడల మేలందుము. అమెరికాలోని కొడుకు తిరుగు విమానము తప్పిపోవునందుము. పంచాంగమునకు మారుగా కాలెండరు గోడకు తగిలించినంతమాత్రమున మనము తొందరనుండి విడుదల పొందలేదు. పేరు మారినది గాని యజమాని ఒక్కడే.

ఈ తొందరకు వెల చెల్లించువారు ఇద్దరు. మొదటివాడు బిడ్డ. కడుపులో నున్నంతకాలము బిడ్డ ఊపిరితిత్తులలో ద్రవము నిండియుండును. పురిటి నొప్పులు మొదలైనప్పుడు పుట్టు హార్మోనులు ఆ ద్రవము ఊరుటను ఆపి, దానిని పీల్చివేయుటకు ఊపిరితిత్తులను సిద్ధపరచును. నొప్పులు రాకమునుపే, అందులోను 39 వారములు నిండకమునుపే, కోసి తీసిన బిడ్డలలో శ్వాస యిబ్బంది ఎక్కువగా నుండునని 2009లో అమెరికాలో ప్రకటింపబడిన పెద్ద పరిశోధన చూపెను. 37 వారములకు తీసిన బిడ్డలలో ఇబ్బందులు అధికము, 38 వారములకు కొంత తక్కువ, 39కి ఇంకను తక్కువ. కొనిన ముహూర్తమున పుట్టిన బిడ్డ తల్లి రొమ్మున కాక గాజుపెట్టెలో పండుకొన్నయెడల, ఆ మంచి గడియ ఎవరికి మంచిది?

రెండవది తల్లి. ఆమె పొట్టమీద కుట్టు మానును, గర్భసంచిమీద మచ్చ మిగులును. మరుసటి గర్భములో మాయ ఆ మచ్చమీద అతుకుకొని లోనికి చొచ్చుకొను అపాయము కలదు. ఒక్కొక్క ఆపరేషనుతో ఆ అపాయము పెరుగును. తొలిచూలున అక్కర లేక పెట్టిన కోత ఆ కాన్పుతో ముగియదు. తరువాతి కాన్పులన్నిటికి అది వెంటవచ్చు అప్పు.

“వేచియుండి చచ్చిన వారి మాట ఏమి?”

ఇక్కడ ఒకరు లేచి అడుగుదురు: “అయ్యా, పూర్వము మన స్త్రీలు వేచియే యుండిరి గదా? వేచియుండి యెందరు చనిపోయిరి!” ఈ ప్రశ్నను నేను తప్పించుకొనను. ఐడా స్కడర్ కథ మీలో అనేకులకు తెలియును. ఆమె యువతిగా తమిళదేశములోని తిండివనములో తలిదండ్రులయొద్ద నున్నప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, పురిటి కష్టములో నున్న తమ భార్యలకు సాయపడుమని వేడిరి. ఆమె వైద్యురాలు కాదు. ఆమె తండ్రి వైద్యుడే. కాని పరపురుషుని తమ స్త్రీలయొద్దకు రానిచ్చుటకు వారు ఒప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆమె వైద్యము చదివి తిరిగి వచ్చి 1900లో వేలూరులో మొదలుపెట్టిన చిన్న వైద్యశాలయే నేటి క్రైస్తవ వైద్య కళాశాలగా పెరిగినది. మన గుంటూరులో అన్నా కుగ్లర్ అంతకుముందే, 1883లో, వచ్చి స్త్రీలకు వైద్యము చేయ మొదలుపెట్టెను.

ఆ ముగ్గురు స్త్రీలు ఎదురుచూచి చనిపోలేదు, విడిచిపెట్టబడి చనిపోయిరి. ఈ రెంటికి నడుమ నున్న భేదమే నా వాదము. ఎదురుచూచుట యనగా కావలివాడు కోటమీద కన్ను మూయక నిలుచుట. విడిచిపెట్టుట యనగా కావలివాడు నిదురించుట. కావలివాడు మెలకువతో నుండవలెను గనుక, క్షణమైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలసిన గురుతులను ఇక్కడ వ్రాయుచున్నాను. వీనిని కత్తిరించి గోడకు అంటించినను మంచిదే.

1. 37 వారములు నిండకమునుపు క్రమముగా నొప్పులు వచ్చుట. అప్పుడు “ముందు నొప్పులే” అని ఇంట నుండరాదు. నెలలు నిండకయే కాన్పు కాబోవుచున్నదేమో వైద్యులే చూడవలెను.

2. ఉమ్మనీరు పోవుట, నొప్పులు లేకున్నను సరే. నీరు ఆకుపచ్చగా గాని నల్లగా గాని యున్నయెడల మరి త్వరపడవలెను.

3. రక్తము పోవుట. జిగటలో కలిసిన కొద్ది ఎరుపు కాన్పుకు ముందు సహజమే. రక్తము ధారగా పోయినయెడల సహజము కాదు.

4. బిడ్డ కదలికలు తగ్గుట. నెలలు నిండినప్పుడు బిడ్డ కదలిక తగ్గునని పెద్దలు చెప్పుమాట నిజము కాదు. చోటు చాలక కదలిక తీరు మారవచ్చును గాని కదలుట తగ్గరాదు.

5. విడువని తలనొప్పి, కన్నులు మసకలు క్రమ్ముట, ముఖము చేతులు ఉబ్బుట, పై కడుపులో నొప్పి. మన పెద్దలు గుర్రపువాతమని పిలిచిన మూర్ఛలకు ఇవి ముందు గురుతులు.

6. జ్వరము, లేదా నొప్పికి నొప్పికి నడుమ సడలక కడుపు రాయివలె నిలిచిపోవుట.

మునుపు ఆపరేషను జరిగినవారును, కవలలను మోయుచున్నవారును, బిడ్డ ఎదురుకాళ్లతో నున్నవారును నొప్పులు మొదలైనవన్న తోడనే పోవలెను. ఎదురుచూపునకును ఒక హద్దు కలదు. 41 వారములు నిండినను నొప్పులు రానియెడల మందులతో తెప్పించుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థయే చెప్పుచున్నది. “దానంతట అది వచ్చును” అని ఆ పిమ్మట మొండికేసి కూర్చుండుట ఓర్పు కాదు.

మరియొక ఆక్షేపణ

చదువుకొన్నవారు ఇంకొక మాట తెత్తురు. 2018లో అమెరికాలో 6,000కు పైగా తొలిచూలు స్త్రీలను పరిశోధించి చూచిరి. వారు ఏ చిక్కును లేనివారు. 39వ వారములో మందులతో నొప్పులు తెప్పించిన వారిలో నూటికి 18.6 మందికి ఆపరేషను కావలసి వచ్చెను. ఎదురుచూచిన వారిలో 22.2 మందికి. “చూచితివా, తొందరయే గెలిచినది” అందురు.

గెలిచినది తొందర కాదు. అక్కడ చేసినది నొప్పులు తెప్పించుట. నొప్పులు లేకుండ కోయుట కాదు. 39 వారములు నిండినవరకు వారు ఆగిరి. ఆ స్త్రీలను అడిగి, వారు ఒప్పుకొనిన పిమ్మటనే చేసిరి. మందు ఇచ్చిన తరువాత మెల్లగా నడచు తొలి దశకు చాలినంత కాలమిచ్చిరి. మందు వేసిన నాలుగు గంటలకే “మూతి తెరచుకొనలేదు, ఆపరేషనుకు సంతకము చేయుడి” అను చోట ఆ పరిశోధనను సాక్ష్యముగా పిలుచుట న్యాయము కాదు. ఆ అంకెలలో దాగియున్నదియు ఓర్పే.

ఓర్పు ఎవరు చూపవలెను?

ఇక ఈ వ్యాసమును చేతబట్టుకొని ఏ అత్తయైనను కోడలితో, “చూడు, ఓర్చుకొనమని వ్రాసిరి” అని యనబోవునేమో. అట్లు చేయకుడి. నేను ఓర్పు నేర్చుకొనుడని చెప్పునది నొప్పిపడు స్త్రీకి కాదు. ఆమె చుట్టునున్న మనకు. ఆమె తొమ్మిది నెలలు ఓర్చినది. నొప్పి తగ్గుటకు మందు అడుగుట బలహీనత కాదు, పాపము అంతకన్న కాదు. నొప్పి స్త్రీకి దేవుడు వేసిన శిక్ష గనుక దానిని తగ్గింపరాదని బోధించిన వారు పందొమ్మిదవ శతాబ్దములో ఉండిరి. 1847లో జేమ్స్ సింప్సన్ ఎడింబరోలో కాన్పునకు క్లోరోఫారము వాడినప్పుడు ఆ వాదము వినబడెను. దానిని మన సంఘములలో మరల లేపనక్కర లేదు.

మన చేతనైన పని చాల కలదు. నొప్పులు వచ్చిపోవు దినములలో ఆమెను పగలు పండుకొననిండు. రాత్రి నిదుర చెడినది గదా. కడుపునిండ అన్నము పెట్టుడి, నీళ్లు త్రాగింపుడి. నడుము రాయుటకు ఒక చేయి కావలెను. ఆ చేయి భర్తదైనయెడల మరి మంచిది. భయమును అలసటయు నొప్పిని పెంచును. ధైర్యపు మాట మందువలె పనిచేయును. పొరుగింటి పురుటిలో జరిగిన ఘోరములు ఆమె యెదుట చెప్పుకొనకుడి. చీటీలు, బట్టలు, రక్తము ఇయ్యగలవారి ఫోను నంబర్లు ముందుగా సిద్ధపరచుడి. 2005లో హైదరాబాదులో మొదలైన 108 వాహనము నేడు పల్లెలకును వచ్చును; అయినను అది రానిచో ఎవరి బండి దొరకునో ముందే మాటాడి యుంచుడి.

డోలీలో మోసికొని దిగవలసిన కొండగూడెముల స్త్రీలకు “ఇంట నుండి చూడుము” అను మాట చెల్లదు. వారికొరకే సాలూరులో గర్భిణుల వసతి గృహము పెట్టిరి. నెలలు నిండిన స్త్రీలు ముందుగా దిగివచ్చి ఆసుపత్రికి దగ్గరగా ఎదురుచూచుటకు. అట్టి యిండ్లు ప్రతి మన్యప్రాంతములోను కావలెనని అడుగుడి. కాన్పు సమయమున ఒక స్త్రీని తోడుగా లోనికి రానిచ్చుటకు 2016లో కేంద్ర ప్రభుత్వము సర్కారు ఆసుపత్రులకు అనుమతి నిచ్చినది. ఆ తోడు నీ ఊరి ఆసుపత్రిలో దొరకుచున్నదా? లేనియెడల ఎందుకు లేదని అడుగుడి. 2017లో తెలంగాణ ప్రభుత్వ నర్సులకు మంత్రసాని విద్యలో ప్రత్యేక శిక్షణ మొదలైనది. 2018లో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికి అట్టి సేవకు నియమములు ప్రకటించినది. గంటలకొలది ప్రక్కన కూర్చుండి కనిపెట్టగల అట్టి చేతులు ఎంత పెరిగినయెడల అక్కర లేని కత్తి అంత తగ్గును. ఆసుపత్రి గోడలకు పాలరాయి వేసిరా యని చూచుటకంటె, ఈ చేతులు ఉన్నవా యని అడుగుట మేలు.

ఆసుపత్రినుండి తిప్పి పంపిరా? సంతోషముతో రండి. పంపినది తల్లియు బిడ్డయు క్షేమముగా నున్నారని చూచిన పిమ్మటనే గదా! ఆటో కిరాయి ఖర్చైనది. కాని ఆ కిరాయికి ఒక నెమ్మది కొనుక్కొంటిరి. మరల నొప్పి వచ్చినయెడల మరల పొండి. నాలుగుమార్లు పోవలసి వచ్చినయెడల నాలుగుమార్లు పొండి. ఎవరును నవ్వకుడి, ఎవరును లెక్క వ్రాయకుడి. అయిదవసారి నిజముగా సమయము వచ్చినప్పుడు ఆమె జంకక మిమ్మును లేపవలెనన్నచో, మొదటిసారి మీరు ఆమెతో మాటాడిన తీరే దానికి ఆధారము.

కావున నేటినుండి ఆ పాడు మాటను మన యిండ్లలో పలుకకుందము. వానిని ముందు నొప్పులని పిలుతము. అవి దొంగవలె చాటుగా వచ్చునవి కావు. రాబోవు బిడ్డకు త్రోవ సిద్ధపరచుటకు చెప్పి వచ్చునవి. వానిని నమ్ముడి, ఆమెను నమ్ముడి, కన్నులు తెరచుకొని కనిపెట్టుడి.